కండెలు చుట్టిన చెయ్యి: యార్క్‌షైర్ గ్యాలరీల్లో ఐదు రోజులు

మొదటి రోజు, మంగళవారం: లీడ్స్

అమ్మాయి పురుటికని జులైలో ఇంగ్లండ్ వచ్చాను. అక్టోబరు సగానికి వచ్చేసరికి నాకు తెలిసిన లీడ్స్ అంతా మూడు వీధులు, ఒక పార్కు, ఒక ఇండియన్ స్టోర్. పొద్దున్నే పాపకి నీళ్ళు పోయడం, మధ్యాహ్నం ఉతికిన బట్టలు హీటర్ మీద ఆరేయడం, సాయంత్రం ఆరింటికే వెలుతురు తగ్గిపోతుంటే కిటికీ దగ్గర కూర్చోవడం. సాంబ్రాణి వేద్దామంటే పొగకి అలారం ఇల్లంతా కుయ్యోమంటుంది. ఒక్కసారి వేశాం, రెండోసారి ధైర్యం చేయలేదు.

"అమ్మా, ఈ వారం రోజుకో ఆర్ట్ గ్యాలరీకి పోదాం" అంది అమ్మాయి. దానికి బొమ్మల మీద అంత ప్రేమేం లేదు. పాపని తోపుడు బండిలో వేసుకుని వెచ్చగా తిరగడానికి, పాలివ్వడానికి, డైపర్ మార్చడానికి ఇక్కడ ఆర్ట్ గ్యాలరీని మించిన చోటు లేదని పక్కింటి బాలింత చెప్పిందట. పైగా చాలావాటిలో టికెట్ లేదు. నేను ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో స్టాంపులు అమ్మినదాన్ని. ఉచితం అంటే ముందు అనుమానం వస్తుంది. కానీ లీడ్స్ ఆర్ట్ గ్యాలరీ తలుపు తోసుకుని లోపలికి పోతే ఎవరూ ఏమీ అడగలేదు. ఊరి సొమ్ముతో నడిచే గ్యాలరీ, 1888 నుంచి ఉంది.

బయటే ఒక పెద్ద కంచు ఆడమనిషి మోచెయ్యి మీద ఆనుకుని పడుకుని ఉంది. హెన్రీ మూర్ అనే శిల్పి చేసినది. మూర్ ఇక్కడికి దగ్గర్లోని కాసిల్‌ఫోర్డ్‌లో 1898లో పుట్టాడు. ఈ ఊరి ఆర్ట్ స్కూల్లోనే చదివాడు. బొమ్మ చూడగానే నాకు అనిపించింది చెప్తే అమ్మాయి నవ్వింది: భోజనాలయ్యాక అరుగు మీద ఒరిగిన మా మేనత్త అచ్చం ఇలాగే ఉండేది. తల చిన్నది, ఒళ్ళు కొండంత, ఎవరు పిలిచినా లేచేది కాదు.

లోపల మెట్ల గోడలన్నీ రంగుల త్రికోణాలే. పాతకాలపు గంభీరమైన మెట్లు, వాటికి సంక్రాంతి ముగ్గులో నింపినంత గట్టి రంగులు. లోతార్ గోట్జ్ అనే ఆయన 2017లో వేశాడట. ఆ రోజుల్లోనే గ్యాలరీ పైకప్పు బాగు చేస్తుంటే అడ్డుకప్పు వెనకాల ఎవరికీ గుర్తులేని గాజు కప్పు ఒకటి బయటపడింది. ఇప్పుడు దాన్ని అలాగే ఉంచారు. కింద టీ తాగే హాలుదీ అలాంటి కథే. గోడల నిండా రంగు పలకలు, వాటి మీద కవుల, రచయితల తలలు. అవన్నీ ఎన్నో ఏళ్ళు కప్పేసి ఉంటే 2007లో తిరిగి తెరిచారు. ఈ ఊరివాళ్ళకి దాచిపెట్టి మర్చిపోవడం అలవాటులా ఉంది. మా ఇంట్లో నేనూ అంతే.

మేడ మీద నన్ను కాళ్ళు కదలనివ్వనిది ఒక యుద్ధం బొమ్మ. నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూలో గుర్రపు దండు దౌడు తీస్తూ నేరుగా మన మీదికే వస్తుంటుంది. పేరు ‘స్కాట్లండ్ ఫరెవర్’, వేసింది లేడీ బట్లర్, 1881లో. ఆవిడ యుద్ధం ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. సైన్యం కసరత్తు చేస్తుంటే వచ్చే గుర్రాలకి ఎదురుగా నిలబడి చూసి వేసిందట. అంత ధైర్యం ఉన్న ఆవిడ ఇంట్లో వంట ఎవరు చేసేవారో అని నా బుద్ధి అటు పోయింది. పాప నిద్రలేచి ఏడుపు మొదలుపెట్టింది. నాలుగు గదులు వదిలేసి వచ్చేశాం.

రెండో రోజు, బుధవారం: వేక్‌ఫీల్డ్

రైల్లో పావుగంట ప్రయాణం. ఊళ్ళోంచి నది వైపు నడిస్తే కాల్డర్ నీళ్ళలోంచి నేరుగా లేచినట్టు బూడిదరంగు కాంక్రీటు గదులు కనిపించాయి. కిటికీలు తక్కువ, గోడలు ఏటవాలు. నాకు ముందు ఎరువుల గోడౌన్ అనిపించింది. అదే ‘ది హెప్‌వర్త్ వేక్‌ఫీల్డ్’ గ్యాలరీ. డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ అనే ఆర్కిటెక్టు కట్టాడు, 2011లో తెరిచారు. 2017లో దేశంలోకల్లా మేటి మ్యూజియంగా బహుమతి కూడా వచ్చింది. ఈ జిల్లావాళ్ళకి ఉచితం. మేం లీడ్స్ నుంచి వచ్చాం కాబట్టి టికెట్ కొన్నాం. అమ్మాయి కార్డు తీస్తుంటే మనసులో రూపాయల్లోకి లెక్క వేశాను. ఈ లెక్క మానమని అది మూడు నెలలుగా చెప్తూనే ఉంది.

గ్యాలరీకి పేరు వచ్చిన శిల్పి బార్బరా హెప్‌వర్త్ ఈ ఊళ్ళోనే 1903లో పుట్టింది. మూర్‌తో పాటు లీడ్స్ ఆర్ట్ స్కూల్లో చదివింది. ఆవిడ కుటుంబం ఇచ్చిన పోతబొమ్మల నమూనాలు ఇక్కడ ఒక గది నిండా ఉన్నాయి. ఎక్కువ ప్లాస్టరువి, కొన్ని అల్యూమినియంవి. వాటిలో ఒకటి రెక్కల బొమ్మ, ఆరు మీటర్లకి దగ్గర్లో ఎత్తు. దాని అసలు బొమ్మ లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో ఒక పెద్ద దుకాణం గోడకి 1963 నుంచి తగిలించి ఉంది. అమ్మాయి దాని కిందనుంచి వందసార్లు నడిచిందట, తలెత్తి చూడలేదట.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నవి ఆవిడ పనిముట్లు. ఆకురాళ్ళు, ఉలులు, సుత్తులు. పిడులన్నీ అరిగి ఒక చేతికే సరిపోయేలా తయారయ్యాయి. మా నాన్న మగ్గం దగ్గర పెట్టుకునే కత్తెర ఇలాగే ఉండేది. ఇంకొకళ్ళు పట్టుకుంటే తెగేది కాదు.

చెప్పలేదు కదూ, మాది వేటపాలెం. మా ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నాన్న నేసేవాడు. అమ్మ చిలపల్లోంచి, అంటే నూలు కట్టల్లోంచి, దారం తీసి రాట్నం మీద చిన్న చిన్న కండెలు చుట్టేది. బడి నుంచి వచ్చాక ఆ పని నాది. కండె సమంగా చుట్టకపోతే, మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలో దారం తగులుకుని తెగుతుంది. తెగితే నాన్న కేక వేసేవాడు. ఉద్యోగం వచ్చిన రోజున నేను అనుకున్న మొదటి మాట, "ఇక రాట్నం ముట్టుకోను" అని.

హెప్‌వర్త్ కొన్ని బొమ్మల్లో కొయ్యనో రాతినో డొల్లగా తొలిచి ఆ బోలుకి అడ్డంగా దారాలు బిగించింది. 1930ల చివర మొదలుపెట్టి చాలా ఏళ్ళు అలా చేసింది. దారం బిగువు చూస్తే చెయ్యి పెట్టి మీటాలనిపిస్తుంది. మగ్గం మీద పడుగు దారాలు సరిగా బిగిశాయా అని నాన్న వేలితో మీటి చూసినట్టు. లేత నీలం లోపలితో, ఎర్ర దారాలతో 1943లో ఆవిడ చేసిన ఒక చిన్న బొమ్మ దేశం దాటిపోకుండా ఈ గ్యాలరీ 38 లక్షల పౌండ్లు కూడబెట్టి 2025లోనే కొనుక్కుంది. మామూలు జనం కూడా చందాలు వేశారు. ఊరివాళ్ళు ఒక బొమ్మ కోసం చందాలు వేయడం! రథం బాగు చేయించడానికి మేం వేసుకుంటాం, అది తెలుసు.

ఇక ఆ వారం నడుస్తున్న ప్రదర్శనలు రెండు. ఒకటి హెలెన్ చాడ్విక్‌ది. ఈవిడ 1996లో నలభై రెండేళ్ళకే పోయింది. అందులో పన్నెండు తెల్లటి పూలు నేల మీద నిలబెట్టి ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నాయి. పక్కన రాసింది అమ్మాయి చదివి, ఒక్క క్షణం ఆగి, నా చెవిలో చెప్పింది. కెనడాలో ఆవిడా వాళ్ళాయనా గట్టి మంచులో ఉచ్చ పోసి, ఆ గుంటల్లో అచ్చు పోసి చేసినవి ఆ పూలు. నేను పకపకా నవ్వాను. ఎదురుగా ఉన్న పెద్దాయన కూడా నవ్వాడు. ఆయనకీ నాకూ మధ్య ఆ పూట అంతకన్నా మాటలు అక్కర్లేదు. ఇది కళేనా అంటే ఏమో. పక్క తడిపే పాపని రాత్రింబవళ్ళు ఎత్తుకునేదాన్ని, నాకు అసహ్యం మాత్రం వేయలేదు.

రెండోది కారోలైన్ వాకర్ వేసిన బొమ్మలు. ప్రదర్శన పేరు ‘మదరింగ్’, అంటే తల్లితనం అనుకోండి. కాన్పు వార్డులు, మంత్రసానులు, పాలసీసాలు కడుక్కునే అర్ధరాత్రి వంటగది, పసిపిల్లల బడిలో పనిచేసే అమ్మాయిలు. పెద్ద పెద్ద నూనెరంగు బొమ్మలు, నిలువెత్తు. ఇందులో కథ ఏమీ లేదు. పని మాత్రమే ఉంది. ఒకావిడ ఒంగి పక్క సర్దుతోంది, ఒకావిడ చంటిపిల్లని తూస్తోంది. ఎవరూ మన వైపు చూడరు. అమ్మాయి ఒక బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడింది. అందులో బాలింత మంచం మీద, పిల్ల పక్కన, మొహంలో సంతోషం లేదు, దుఃఖమూ లేదు, నిద్రలేమి ఒక్కటే ఉంది. "అమ్మా, మొదటి రెండు వారాలు నేనిలాగే ఉన్నానా?" అంది. ఉన్నావనే చెప్పాను. నువ్వు నాకు పుట్టినప్పుడు నేనూ ఇలాగే ఉన్నాననీ, అప్పుడు ఎవరితోనూ అనలేదనీ చెప్పాను. అక్కడ బల్ల ఉంది. కూర్చుని పాపకి పాలిచ్చింది. బొమ్మల మధ్య అది పాలిస్తుంటే ఏది గోడ మీదిదో ఏది కాదో తెలియలేదు.

మూడో రోజు, గురువారం: ఇల్లే

వాన. పాపకి కొద్దిగా జలుబు. మధ్యాహ్నం చారన్నం తిని పడుకున్నాం. సాయంత్రం ఒక్కదాన్నే పాలు తెద్దామని బస్సెక్కితే అది ఎదురు దిక్కున పోయింది, నేనే తప్పు వైపు స్టాపులో నిలబడ్డాను. ముప్పావుగంట ఊరు చూసి వచ్చాను. పాలు తేవడం మర్చిపోయాను.

నాలుగో రోజు, శుక్రవారం: బ్రాడ్‌ఫర్డ్

ఈ రోజు గురించే అసలు రాయాలనుకున్నాను. 2025కి గాను బ్రాడ్‌ఫర్డ్‌కి దేశపు సాంస్కృతిక నగరం హోదా ఇచ్చారు. దాంతో పాటు టర్నర్ ప్రైజ్ ప్రదర్శన కూడా ఈ ఊరికి వచ్చింది. ఇది 1984లో మొదలైన కళా బహుమతి. ఇక్కడి పత్రికలు ఏటా దాని మీద పొగుడుతూనో తిడుతూనో రాస్తాయి. గెలిచినవాళ్ళకి 25 వేల పౌండ్లు, తుది జాబితాలో మిగిలిన ముగ్గురికి తలా 10 వేలు. 2011 నుంచి దాదాపు ఏడాది విడిచి ఏడాది లండన్ బయట పెడుతున్నారు: గేట్స్‌హెడ్, డెర్రీ, గ్లాస్గో, హల్, మార్గేట్, కొవెంట్రీ, ఈస్ట్‌బోర్న్, ఇప్పుడు ఇక్కడ. చిన్న ఊళ్ళ గ్యాలరీలకి ఇది పెళ్ళి పందిరి లాంటిది. గోడలు, దీపాలు, దారులు అన్నీ ఆ పేరుతో బాగుపడతాయి.

ఫ్రిజింగ్‌హాల్ అనే చిన్న స్టేషన్లో దిగి లిస్టర్ పార్కులోకి నడిచాం. ఎండ వచ్చింది. రాలిన ఆకుల మీద బండి చక్రాలు చప్పుడు చేస్తున్నాయి. పార్కు మధ్యలో గుమ్మటాలూ స్తంభాలతో రాతి భవనం. దాని ముందు మొగలాయి తరహా నీటి తోట, కాలువలు, ఫౌంటెన్లు. ఇక్కడ పాకిస్తానీ, ఇండియన్, బంగ్లాదేశీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ తోట వాళ్ళని తలుచుకుని 2001లో కట్టింది. సల్వార్ కమీజుల్లో ఇద్దరు ముసలావిడలు బెంచీ మీద కూర్చుని ఎండ కాస్తున్నారు. పాపని చూసి ఒకావిడ "మాషా అల్లా" అని బుగ్గ మీద చిటికె వేసింది. మూడు నెలల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు పాపని ముట్టుకోవడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

భవనం పేరు కార్ట్‌రైట్ హాల్. పేరు ఎక్కడో విన్నట్టుంది అనుకుంటూ గుమ్మం దగ్గర ఆగాను. అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. ఎడ్మండ్ కార్ట్‌రైట్. పాస్టరుగా ఉంటూ 1785లో మరమగ్గానికి పేటెంటు తీసుకున్నాయన.

కాసేపు ఏమీ మాట్లాడలేదు నేను. మా నాన్న ఇంగ్లీషు చదువుకోలేదు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు మాటలు పదో ఇరవయ్యో. వాటిలో పవర్ లూమ్ ఒకటి. దాన్ని తిట్టులా అనేవాడు. 1985లో కేంద్రం ఒక చట్టం చేసింది: కొన్ని రకాల బట్టలు చేమగ్గాల మీదే నేయాలి, మరమగ్గాల మీద నేయకూడదని. మొదట 22 రకాలు, తర్వాత 11కి తగ్గించారు. చట్టం కాగితం మీద ఉండేది. మరమగ్గం చీరలు సంతలో ఉండేవి. 1785, 1985. సరిగ్గా రెండు వందల ఏళ్ళు. ఆ లెక్క ఆ గుమ్మం దగ్గరే తట్టింది.

"అమ్మా, మన బట్టని దెబ్బతీసింది ఆ కొండల అవతల లాంకషైర్ వాళ్ళు. అది నూలు. ఇది ఉన్ని ఊరు" అంది అమ్మాయి, నన్ను సముదాయించడానికి. అది నిజమే. కానీ ఉన్ని ఊళ్ళో కూడా నేతగాళ్ళు ఊరుకోలేదు. 1826లో మరమగ్గాలు పెట్టిన ఒక మిల్లు మీదికి ఇక్కడివాళ్ళు దాడికి పోతే కాల్పుల్లో ఇద్దరు చచ్చిపోయారు. ఆ తర్వాత ఉన్నిని చేత్తో దువ్వే పనివాళ్ళ వంతు. వాళ్ళ పని లాక్కున్న దువ్వెన యంత్రాలతో డబ్బు చేసుకున్నవాళ్ళలో మొదటి పేరు శామ్యూల్ లిస్టర్‌ది. ఈ హాలు కట్టించింది ఆయనే. తన పాత బంగళా ఉన్న చోట, కార్ట్‌రైట్ గౌరవార్థం. పార్కుకి ఆయన పేరు. పార్కులో ఆయన విగ్రహం. ఆయన మిల్లు పొగగొట్టం 249 అడుగులు, ఊళ్ళో ఎక్కడి నుంచి చూసినా కనబడుతుంది. పట్టు తీయగా మిగిలిన చెత్తని అర షిల్లింగుకో షిల్లింగుకో కొని, దువ్వి, దారం తీసి పౌను బరువు 23 షిల్లింగులకి అమ్మిన ఘనుడు. 1890 డిసెంబరులో జీతాలు కోస్తే పనివాళ్ళు నెలల తరబడి సమ్మె చేసి ఓడిపోయారు. ఆ వేడిలోంచే 1893లో ఈ ఊళ్ళో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పుట్టింది. మిల్లులో ఇప్పుడు ఫ్లాట్లు.

ఇంకోటి కూడా తెలిసింది. 1904లో హాలు తెరిచినప్పుడు ఈ పార్కులో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. అందులో ‘సోమాలీ పల్లె’ అని ఒకటి. గుడిసెలు వేసి, సోమాలీ ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ పిల్లల్నీ నెలల తరబడి అక్కడ ఉంచి, జనం టికెట్ కొని చూసేలా పెట్టారు. అదే పార్కు. ఫౌంటెన్ పక్కన పాప నిద్రపోతోంది.

ఈ గ్యాలరీవాళ్ళు 1980ల నుంచి దక్షిణాసియా కళని పట్టుబట్టి కొంటున్నారు. ఈ ఊళ్ళోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీకి ఎనభయ్యో ఏట, 2017లో, ఒక గ్యాలరీ ప్రత్యేకంగా కేటాయించారు. నేను వాటి కోసం ఆగలేదు. టర్నర్ గదుల్లోకి పోయాను.

మొదట రెనే మాటిచ్ గది. ఫోటోలు, మాటల చప్పుళ్ళు, పైనుంచి వేలాడే తెల్ల జెండా, దాని మీద రెండు వైపులా కలిపి చదువుకుంటే ‘హింసకి చోటు లేదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. ఒక చోట నల్ల బొమ్మలు వరసగా, ఎవరెవరో పారేసినవి ఏరి బాగు చేసినవి. ఫోటోలు నాకు అంతగా ఎక్కలేదు. కుర్రకారు స్నేహాలు, పార్టీలు. బొమ్మల దగ్గర మాత్రం నిలబడ్డాను.

మొహమ్మద్ సమీ బాగ్దాద్‌లో పుట్టి, శరణార్థిగా స్వీడన్ చేరి, తర్వాత లండన్ వచ్చినవాడు. గోడంత కాన్వాసులు. ఒక్క మనిషి కూడా ఉండడు. ఉండి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. దుమ్ము, వెలుతురు, తొక్కిన నేల. మొహమాటం లేకుండా చెప్తున్నా, బొమ్మ వేయడం అంటే ఏంటో తెలిసినవాడు నలుగురిలో ఇతనే అనుకున్నాను. బహుమతి ఇతనికే వస్తుందని అమ్మాయితో పందెం కూడా కాశాను. పందెం ఏంటంటే, ఓడినవాళ్ళు ఒక రాత్రంతా పాపని ఎత్తుకోవాలి.

జేడీ షా గదిలో నేల అంతా బంగారు రంగు అద్దం. కొరియా పూనకాల పూజల్లో వాడే గిలకల్ని తలుచుకుని, ఆరువందలకు పైగా ఇత్తడి చిరుగంటలు శంఖం ఆకారంలో గుచ్చి వేలాడదీసింది. కొరియన్ మూలాలున్న కెనడా అమ్మాయి. పాప తల వంచి నేలలో ఇంకో పాపని చూసి కేరింతలు కొట్టింది. ఆ గదికి దాని ఓటు పడిపోయింది.

నాలుగోది నెనా కలు. గుమ్మంలోంచే రంగులు మీద పడ్డాయి. పైకప్పు నుంచి పెద్ద పెద్ద మూటలు వేలాడుతున్నాయి. గూళ్ళనొచ్చు, పట్టుకాయలనొచ్చు. గుడ్డపేలికలు, తాళ్ళు, ప్లాస్టిక్ గొట్టాలు, వలలు, పాత వీడియో క్యాసెట్ల టేపు, అన్నీ చుట్టి, చుట్టిన దాని మీద మళ్ళీ చుట్టి, ఇంకా చుట్టి. నల్ల టేపు వెలుతురులో పట్టులా మెరుస్తోంది. గోడల మీద ఒకే సుడిని పక్కపక్కన రెండేసి, మూడేసి సార్లు గీసిన బొమ్మలు. ఒక చెయ్యి అదే తోవలో మళ్ళీ మళ్ళీ తిరిగితే పడే గీతలు అవి.

ఆవిడ నైజీరియన్ తల్లిదండ్రులకి 1966లో గ్లాస్గోలో పుట్టింది. ఆటిజం ఉంది, మాట చాలా తక్కువ. చదువులో, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న కళాకారులకి తోడుండే యాక్షన్‌స్పేస్ అనే సంస్థ స్టూడియోలో 1999 నుంచి పని చేస్తోంది. ఈ మూటలు 2024లో బార్సిలోనా దగ్గర ఒక పెద్ద ప్రదర్శన కోసం చేసినవి.

ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు నేను చూస్తున్నది చుట్టిన తీరు. ఎక్కడ మొదలుపెట్టిందో వెతుకుతున్నాను. కండెకి మొదటి చుట్టు ముఖ్యం, అది జారితే పైన ఎంత చుట్టినా వదులే. ఇక్కడ మొదటి చుట్టు కనబడదు. ఒక చోట పసుపు టేపు మెలిక తిరిగి నీలం తాడు కిందికి దూరింది. ముడి వేశారా, బిగువుకే ఆగిందా అని ఒంగి చూస్తూ గీత దాటిపోయానట. గదిలో కాపలా ఉన్న అమ్మాయి దగ్గరకొచ్చి మెల్లిగా, నవ్వుతూ, చేత్తో వెనక్కి అని సైగ చేసింది. సిగ్గేసింది. మా అమ్మాయి ఆ పిల్లతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది, వీళ్ళ నాన్న నేతగాడు, ఈవిడకి చుట్టడం తెలుసు అని చెప్పిందట. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, ఎలా చుట్టేవారో చూపించమంది.

ఏం చూపిస్తాను? రాట్నం లేదు, నూలు లేదు. ఎడమ చెయ్యి దారం పట్టినట్టు పెట్టి కుడి చేత్తో చక్రం తిప్పాను, గాలిలో. నలభై ఏళ్ళయింది ఆ పని మానేసి. చెయ్యి మర్చిపోలేదు. ఎడమ చెయ్యి దానంతటదే కండె మొదలు నుంచి చివరకీ, చివర నుంచి మొదలుకీ పోయి వస్తోంది. పక్కన ఇద్దరు స్కూలు పిల్లలు చూసి వాళ్ళూ చేతులు తిప్పారు. పాప నిద్రలో ఉంది, అమ్మాయి ఫోన్ తీసి వీడియో తీయడం మొదలుపెట్టగానే ఆపేశాను.

తిరుగు రైల్లో అమ్మాయి అడిగింది, "తాతయ్య మగ్గం ఏమైందమ్మా?" అని. అమ్మ పోయాక పలకలూ పట్టెలూ పొయ్యిలోకి పోయాయి. గుంట పూడ్చి మీద టైల్స్ వేయించాం. ఆ ఖర్చు నేనే పెట్టాను.

ఐదో రోజు, శనివారం: సాల్టేర్

అల్లుడు గారికి సెలవు కాబట్టి కారులో వెళ్ళాం. టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని 1853లో తెరిచిన ఫ్యాక్టరీ, దాని చుట్టూ పనివాళ్ళ కోసం కట్టిన ఊరు. 2001లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మిల్లు 1986లో మూతబడితే మరుసటేడు జోనథన్ సిల్వర్ అనే ఆయన కొని లోపల హాక్నీ బొమ్మలు పెట్టాడు. పుస్తకాలు, పూల కుండీలు, బొమ్మలు, కాఫీ వాసన. పొడుగాటి హాలు, రాతి నేల. అల్లుడు గారు "బాగుంది కదండీ అత్తయ్యగారూ, ఎంత పెద్ద హాలో" అన్నారు. బాగుంది. మరీ శుభ్రంగా ఉంది. మిల్లులో ఎంత చప్పుడు ఉండేదో ఊహించుకుందామంటే పియానో సంగీతం అడ్డొచ్చింది. ఇక్కడ ఎక్కువసేపు ఉండలేదు. దీపావళి సోమవారం, ప్రమిదలు కొనాలి.

నవంబరు చివర్లో వేటపాలెం వచ్చేశాను. డిసెంబరు 10 పొద్దున్న పాల పొంగు చూస్తుంటే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళకి అర్ధరాత్రి దాటింది, పాప పడుకోలేదట.

"అమ్మా, నిన్న రాత్రి చెప్పారు. నీ కండెల ఆవిడకే వచ్చింది. పందెం నువ్వు ఓడిపోయావు. నువ్వేమో అక్కడ ఉన్నావు, ఇక్కడ రాత్రంతా ఎత్తుకుంటోంది నేను" అంది.

నవ్వుతూ మాట్లాడుతున్నాను, పాలు పొంగిపోయాయి.